కొవ్వులో దాక్కున్న సాక్షి

మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి గిరిజ బెల్ కొడితే తలుపు తీసింది ఇంటివాళ్లు కాదు, హర్షవర్ధన్. ఎవరింటికైనా ముందుగా చేరిపోయి, ఇల్లు తనదే అన్నట్టు తలుపు తీయడం అతనికి అలవాటు. చంకలో ఫైలు, ఒక చేతిలో దాదాపు నాలుగు లీటర్లు పట్టే గ్యాలన్ నీళ్ల సీసా, ఎడమ భుజం మీద ఎండిపోయిన పాల మరక ఉన్నాయి.

“రండి గిరిజ ఆంటీ. లేటయ్యారు. కేస్ క్లోజ్ అయిపోయింది.”

ఆంటీ అన్నందుకు గిరిజకి కోపం లేదు. యాభై నాలుగేళ్లున్నాయి, ఆ మాట పడాల్సిందే. ముప్ఫై ఎనిమిదేళ్ల పోటీ డిటెక్టివు దాన్ని పనిగట్టుకుని నొక్కి పలుకుతాడే, అదే ఒళ్లు మండిస్తుంది.

“క్లోజ్ అయితే ఇంకా ఇక్కడేం చేస్తున్నావు?” అంటూ బూట్లు విప్పి లోపలికి వెళ్లింది.

ఆ ఇంటి పెద్ద శేషగిరి, డెబ్బై రెండేళ్ల మనిషి, సోమవారం తెల్లవారుజామున మంచం మీదే మాట తడబడి, కొడుకుని చూసి “నువ్వెవరు నాయనా?” అన్నాడు. ఆసుపత్రిలో రక్తం పరీక్ష చేస్తే కాల్షియం ఉండాల్సిన దానికంటే చాలా పైన ఉంది. కిడ్నీలు మొరాయించాయి. ఎందుకని తవ్వితే అసలు లెక్క బయటపడింది. ఒంట్లో విటమిన్ డి నూట యాభై దాటితేనే విషమంటారు, ఆయనకి రెండువందల అరవై ఎనిమిది! ఇవాళ గురువారం. ఆయన ఇంకా ఐసీయూలోనే ఉన్నాడు.

కొడుకు రోహన్ కన్సల్టెంటు. సోమవారం పొద్దున విమానమెక్కితే గురువారం రాత్రి దిగే ఉద్యోగం. తండ్రి పక్కన కూర్చుని, తనకి తెలిసిన హర్షవర్ధన్‌కి ఫోన్ చేసి కేసు అప్పగించాడు. కొడుక్కి తెలియకుండా గిరిజకి ఫోన్ చేసింది మాత్రం శేషగిరి భార్య కృష్ణకుమారి. “ఆ పిల్ల చేసుండదమ్మా. నా మాట ఎవరూ వినడంలేదు” అని ఒక్క ముక్క చెప్పి పెట్టేసింది. ఇరవై రెండేళ్లు ఫార్మసిస్టుగా మందుల మధ్య బతికి, ఆ తర్వాత ఈ డిటెక్టివ్ లైసెన్సు తీసుకున్న గిరిజకి అంతకంటే పెద్ద పిలుపు అక్కర్లేకపోయింది. విటమిన్ అనగానే ఆవిడ చెవులు నిక్కబొడుచుకున్నాయి.

ఆ పిల్ల పేరు స్పందన. కరీంనగర్ నుంచి ఈ దేశానికొచ్చి న్యూట్రిషన్‌లో మాస్టర్స్ చేస్తోంది. కింద బేస్‌మెంట్‌లో అద్దెకుంటోంది. ఇప్పుడు డైనింగ్ టేబుల్ చివర, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, పెద్దల పంచాయితీలో కూర్చున్నట్టు కూర్చుంది. పక్కనే కృష్ణకుమారి నిలబడి ఉంది.

“నాలుగింటికి పోలీస్ డిటెక్టివ్‌తో నా అపాయింట్‌మెంట్” అన్నాడు హర్షవర్ధన్ ఫైలు తెరుస్తూ. “రిపోర్ట్ ఆయన చేతిలో పెట్టేస్తా. ఈలోగా మీకేమైనా డౌట్లుంటే అడగండి, ఫ్రీగా చెప్తాను.”

“చెప్పు మరి.”

“ఒకటి. రోజూ పొద్దున ఎనిమిదీ ఐదుకి ఈ అమ్మాయి ఆయన గదికెళ్లి మాత్రలిస్తుంది. హాల్లో కెమెరా ఉంది, టైమ్‌తో సహా ఉంది. అందులో విటమిన్ డి కూడా ఉంది. రెండు. ఈమె గదిలో ఇది దొరికింది.” ఒక మందు అట్ట టేబుల్ మీద పడేశాడు. ఇండియా నుంచి వచ్చినది. ఒక్కో గొట్టం మాత్ర అరవై వేల యూనిట్లు. ఎనిమిదింట్లో నాలుగు ఖాళీ. “మూడు. ఈమె ఇండియన్ స్టోర్‌లో క్యాష్‌కి పని చేసింది. బయట పని చెయ్యకూడని ఎఫ్-వన్ స్టూడెంట్ వీసా మీద ఉండి! పెద్దాయన చూశాడు. చెప్తానన్నాడేమో. అయిపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతకడం నాకు చేతకాదు ఆంటీ.”

గుక్కెడు కాదు, గ్యాలన్ సీసాలో మూడోవంతు ఒక్క ఎత్తున తాగేసి మూతి తుడుచుకున్నాడు.

గిరిజ అట్టని తిప్పి చూసి, స్పందన వైపు తిరిగింది. “స్టోర్ సంగతి నిజమేనా?”

ఆ పిల్ల కళ్లు దించుకుంది. “నిజమే ఆంటీ. ఒక్క వారం చేసిన. అంకుల్ చూసి, వద్దు బిడ్డా, వీసా పోతది అన్నడు. తెల్లారే మానేసిన. ఆయన ఎవ్వరికీ చెప్పలే.”

“ఈ అట్ట?”

“మా అమ్మ పంపింది. చలికాలం ఎండ తగలది కదా, నాకు తక్కువుందని డాక్టర్ చెప్పిండు. వారానికొకటి. నాలుగు వారాలు, నాలుగు ఏసుకున్న. అంకుల్‌కి ఇచ్చింది ఆయన డాక్టర్ రాసిన రెండువేల మాత్రే. బాటిల్ మీద తారీఖు రాసిన, కావాలంటే లెక్కపెట్టుకోండ్రి.”

“ఎప్పుడొచ్చావు ఈ ఇంటికి?”

“జనవరి పదకొండు. ఆదివారం.”

హర్షవర్ధన్ ఫైల్లోంచి ఒక నోట్‌బుక్ తీశాడు. “ఇదీ చూడండి. ఆయన ఏం తినాలో ఈమె రాసిపెట్టింది. గోంగూర ఎంత, పాలకూర ఎంత, ఏ రోజు. కంట్రోల్ చేసింది. ఇంకా బ్యూటీ ఏంటంటే, విటమిన్ డి మాత్ర నెయ్యన్నంతో వేసుకోమని చెప్పింది. బాగా ఎక్కాలని!”

గిరిజకి నవ్వొచ్చింది, ఆపుకుంది. “ఆయన రక్తం పలచబడడానికి మాత్ర వేసుకుంటాడు. ఆకుకూరల్లో విటమిన్ కె ఉంటుంది, అది రక్తాన్ని గడ్డకట్టిస్తుంది. ఒకవారం గంపెడు, ఒకవారం అసలు లేకుండా తింటే మాత్ర లెక్క తప్పుతుంది. ప్రతివారం ఒకేలా తినమని రాసింది ఈ పిల్ల. ఫార్మసీలో కూర్చుని నేను వెయ్యిమందికి చెప్పిన మాటే. ఇక నెయ్యి సంగతి. ఎ, డి, ఇ, కె ఈ నాలుగూ కొవ్వులో కరిగే రకం. కొవ్వు తోడుంటేనే ఒంటికి పడతాయి. వట్టి కడుపుతో మింగితే సగం దండగ.”

“లెక్చర్ బావుంది. రెండువందల అరవై ఎనిమిది ఎలా వచ్చింది?”

“అదే కదా నన్నూ తొలుస్తున్నది” అంది గిరిజ. కుర్చీ లాక్కుని కూర్చుని, పర్సులోంచి పెన్సిల్ తీసింది. ఇలాంటి ముడి దొరికితే ఆవిడకి ఆకలి కూడా గుర్తుండదు. “ఈ నాలుగు గొట్టం మాత్రలూ ఆయనకే వేసిందనుకో. రెండు లక్షల నలభై వేలు. మాత్రలు నెల రోజులవి అరవై వేల పైచిలుకు. మొత్తం మూడు లక్షలు. మన ఊళ్లో డాక్టర్లు లోపమున్నవాళ్లకి కావాలని ఇచ్చే కోర్సే ఇంతకంటే పెద్దది. ఏనుగు దాహానికి చూరు నీళ్లు చాలతాయా? రెండువందల అరవై ఎనిమిదికి మూడు లక్షలు ఏ మూలకీ రావు.”

“ఇంకా ఎక్కువ ఇచ్చి, అట్టలు పారేసి ఉండొచ్చు.”

“ఉండొచ్చు. అందుకే నీ కెమెరా కావాలి.”

హర్షవర్ధన్ కనుబొమలెగరేశాడు. ఆగస్టులో శేషగిరి కాలుజారి పడ్డాక రోహన్ హాల్లో ఒక కెమెరా పెట్టించాడు. ఎదురుగా బాత్‌రూమ్ తలుపు, పక్కనే ఆయన గది తలుపు. ఎవరు కదిలినా నిమిషంతో సహా రాసిపెడుతుంది. ఆ చిట్టాలోంచి జనవరి పదకొండు తర్వాత ఉదయం ఎనిమిదింటి వరుసలు మాత్రం ఏరి హర్షవర్ధన్ ఫైలుకి కుట్టాడు. తను వెతుకుతున్నది దొరికాక మిగతాది చూడడం అతని మతం కాదు.

“మొత్తం తియ్యి. సెప్టెంబర్ నుంచి. రాత్రి పదకొండు నుంచి తెల్లారి ఆరు దాకా, బాత్‌రూమ్ తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో చదువు.”

“దానికీ దీనికీ...”

“చదవవయ్యా. ఫ్రీగా చెప్తానన్నావుగా.”

అతను లాప్‌టాప్ తెరిచి, విసుగ్గా పైనుంచి కిందకి జరిపాడు. “సెప్టెంబర్‌లో రాత్రికి ఒకటి, ఒకటి, రెండు. అక్టోబర్ మొదట్లో రెండు. నెలాఖరుకి మూడు.” గొంతు కొంచెం నెమ్మదించింది. “నవంబర్‌లో నాలుగు. డిసెంబర్‌లో ఐదు, ఆరు... క్రిస్‌మస్ రాత్రి ఏడు.”

“జనవరి పదకొండున?”

“ఏడు.”

“ఆ రోజే ఈ పిల్ల సూట్‌కేసు దింపింది. మాత్ర ఇంకా ఒక్కటీ ఇవ్వలేదు.” గిరిజ పెన్సిల్ టేబుల్ మీద పెట్టింది. “డి ఎక్కువై ఒంట్లో కాల్షియం పెరిగితే కిడ్నీలు నీళ్లు పట్టి ఉంచలేవు. దాహం, మళ్లీ బాత్‌రూమ్, మళ్లీ దాహం. మలబద్ధకం, వాంతి, చిరాకు, మతిమరుపు. అన్నీ వయసు మీద పడ్డట్టే కనిపిస్తాయి. పిన్నిగారూ, ఆయన నీళ్లు ఎక్కువ తాగడం ఎప్పట్నుంచి?”

కృష్ణకుమారి కొంగుతో చెయ్యి తుడుచుకుంది. “దీపావళికే చెంబు పక్కన పెట్టుకుని పడుకునేవారమ్మా. షుగరేమో అని పరీక్ష చేయించాం. లేదన్నారు. పోనీలే నీళ్లేగా అనుకున్నాను.”

“చూశావా హర్షా? బి, సి విటమిన్లు చుట్టపు చూపుగా వస్తాయి. ఎక్కువైతే నీళ్లతోపాటు బయటికి నడుస్తాయి. కొవ్వులో కరిగేవాటిలో కె కాస్త తొందరగానే వెళ్తుంది గానీ, ఎ, డి అలా కాదు. కాలేయంలోనూ కొవ్వులోనూ మకాం పెట్టేస్తాయి. ఇవాళ కనిపించే విషం ఇవాళ్టిది కాదు. నాలుగు నెలలుగా రోజూ కొంచెం కొంచెం దాచుకున్నది. నీ సాక్షి ఆయన కొవ్వులోనే కూర్చుని ఉంది, అడిగే దిక్కు లేక.”

స్పందన మొదటిసారి తల ఎత్తింది. ఆ పిల్ల కళ్లనిండా నీళ్లు తిరిగాయి. నాలుగింటికి ఆ ఫైలు పోలీసుల చేతికి వెళ్తే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. తప్పు లేదని తేలేసరికి ఏడాది పడుతుంది. స్టోర్ పని సంగతి కూడా అందులోనే ఉంది. వీసా అన్నాళ్లు ఆగదు.

హర్షవర్ధన్ కుర్చీలోంచి లేచాడు. “ఎక్స్‌క్యూజ్ మీ” అంటూ బాత్‌రూమ్ వైపు వెళ్లాడు. వచ్చాక సీసా వంటింటి కుళాయి కింద నింపుకున్నాడు. అప్పటికి రెండోసారి.

“సరే” అన్నాడు మొండిగా. “అక్టోబర్‌లో మొదలైంది. అయితే ఎవరు? రోహన్ వీకెండ్‌కి తప్ప ఉండడు, ఉన్నా తినేది ఉడకబెట్టిన చికెన్, సలాడ్. ఇక మిగిలింది ఈవిడ. భర్తకి విషం పెట్టిందంటారా?”

“నోర్ముయ్” అంది గిరిజ. మెల్లిగానే అంది గానీ అతను నిజంగానే నోరు మూశాడు. పెద్దావిడ ముఖం పాలిపోయింది.

గడియారం రెండూ పది చూపిస్తోంది. గిరిజ వంటింట్లోకి నడిచింది. పాల డబ్బా తిప్పి చూసింది, డి కలిపినవే, కానీ ఈ దేశంలో పాలన్నీ అంతే, గ్లాసుకి నూరో నూటఇరవయ్యో యూనిట్లు. డి ఉండే పుట్టగొడుగులు లేవు. చేపనూనె లేదు. అల్మరాలో పప్పులు, పొడులు, ఊరగాయలు. ఇవన్నీ అమాయకులే. ఏ డబ్బా మూత తీసినా ఏమీ దొరకడంలేదు. డబ్బాలని అడిగితే ఏం లాభం, తిన్నమనిషి ఎలా తిన్నాడో కదా అడగాల్సింది అనిపించింది ఆవిడకి.

“పిన్నిగారూ, నాకు అన్నం పెట్టండి.”

హర్షవర్ధన్ పకపకా నవ్వాడు. “భోజనానికొచ్చారా ఆంటీ? చెప్తే నేనే లంచ్ ఆర్డర్ చేసేవాణ్ణి.”

“నువ్వు తింటావా?”

“నేను మూడింటి దాకా ఏమీ తినను, ఫాస్టింగ్. పొద్దున నెయ్యి కాఫీ ఒకటే. రెండు పెద్ద స్పూన్ల నెయ్యి వేసి కొడితే మధ్యాహ్నం దాకా ఆకలుండదు. మీరూ ట్రై చెయ్యండి, బ్రెయిన్ బాగా పనిచేస్తుంది.”

“అది కనిపిస్తూనే ఉంది” అని గిరిజ కంచం ముందు కూర్చుంది. “పిన్నిగారూ, నేను గిరిజని కాదు. శేషగిరిగారిని. ఆయనకి రోజూ ఎలా వడ్డిస్తారో సరిగ్గా అలాగే వడ్డించండి. ఆలోచించొద్దు, చెయ్యి ఎటు పోతే అటు పోనివ్వండి.”

కృష్ణకుమారికి ఏమీ అర్థంకాలేదు. కానీ వడ్డించడం ఆవిడకి ఒకరు చెప్పాల్సిన పని కాదు. వేడన్నం పెట్టింది. ముద్దపప్పు వేసింది. పక్కన ఆవకాయ. తర్వాత టేబుల్ మధ్యలో ఉన్న చిన్న స్టీలు గిన్నె మూత తీసి, అందులోని చిన్న గుంటగరిటె నిండా నెయ్యి తీసి అన్నం మీద పోయబోయింది.

గిరిజ ఖాళీ కప్పు అడ్డం పెట్టింది. “ఇందులో పోయండి. అన్నంలో పోస్తున్నట్టే.”

ఒక గరిటె పోసింది. పప్పు మీద నెయ్యి కనబడాలి కదా అన్నట్టు మరో అర. బీరకాయ కూరన్నంలోకి ఇంకో అర. చారన్నంలోకి, ఘాటు తగ్గడానికట, ఇంకో అర. పెరుగన్నం దగ్గర చెయ్యి ఆగింది. “ఇందులో వెయ్యనమ్మా. మరీ ఎక్కువైపోతుంది.”

గిరిజ డ్రాయర్‌లోంచి కొలత చెంచా తీసింది. ఇంట్లో అలాంటిది ఉందని కృష్ణకుమారికి గుర్తే లేదు, కొడుకు ఎప్పుడో కేకు చేద్దామని కొన్నదట. ఆ చిన్న చెంచాతో కప్పులోని నెయ్యి కొలిచింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు, ఐదు. అడుగున ఇంకాస్త మిగిలింది.

“రాత్రికీ ఇంతేనా?”

“ఇంతే. ఆయనకి నెయ్యి లేందే ముద్ద దిగదు.”

“మీరు?”

“నాకు గాల్‌బ్లాడర్ ఆపరేషనయినప్పట్నుంచి నెయ్యి ముట్టుకోలేదమ్మా. మూడేళ్లయింది. స్పందన కిందే వండుకుంటుంది.”

ఒకే ఇల్లు. ఒకే పప్పు, ఒకే చారు. ఒక్క మనిషి మాత్రమే తిన్నది ఒక్కటే ఉంది. గిరిజ గిన్నెని వెలుతురులోకి వంచి చూసింది. బంగారంలా నిగనిగలాడుతోంది, కమ్మని వాసన. ఏ మనిషికీ అనుమానం రాదు.

“ఈ నెయ్యి ఎక్కడిది?”

“దసరాకి పూర్ణాలు చేద్దామని మన వాట్సాప్ గ్రూప్‌లో తెప్పించాను. మానవ్ అనీ, ఇక్కడే పుట్టిన కుర్రాడు, ఫుడ్ సైన్స్ చదివాడట. చాలా మంచి నెయ్యి. అప్పట్నుంచి అదే.”

“సీసా చూపించండి.”

“సీసా ఇక్కడుండదు. గరాజ్‌లో.”

గరాజ్‌లో రెండో పొయ్యి ఉంది. వేపుళ్ల వాసన ఇల్లంతా పట్టకుండా ఇక్కడ చాలామంది పెట్టుకున్నట్టే. పక్కన అరలో ఆరు గాజు సీసాలు. ఫిబ్రవరి చలికి నెయ్యి రాయిలా గడ్డకట్టింది. వారానికోసారి సీసాని వేడినీళ్లలో పెట్టి కరిగించి, స్టీలు గిన్నెలోకి వంపుకుని, గిన్నె మాత్రం ఇంట్లోకి తీసుకెళ్తుంది కృష్ణకుమారి. ఖాళీ సీసాలు కడిగి ఊరగాయలకి వాడుకుంటుంది. సీసా గడప దాటదు. సీసా మీద ఏముందో గడప దాటదు.

గిరిజ కళ్లద్దాలు సవరించుకుని లేబుల్ చదివింది. అడుగున, చీమ తలంత అక్షరాలు. చదివి, మళ్లీ చదివి, సీసా హర్షవర్ధన్ చేతిలో పెట్టింది. “పైకి చదువు.”

అతను ఇంగ్లీషులో చదివి, తెలుగులో చెప్పాడు. “విటమిన్ డి కలిపిన నెయ్యి. ఒక చిన్న చెంచాకి ఐదువేల యూనిట్లు. రోజుకి ఒక్క చెంచా మించకూడదు.”

“పూటకి ఐదు చెంచాలు, రెండు పూటలు. రోజుకి యాభై వేలు. దసరా నుంచి ఫిబ్రవరి దాకా నాలుగు నెలల పైన. అరవై లక్షలు దాటింది.” గిరిజ ఊపిరి వదిలింది. “పైగా నేతిలో. ఒంటికి పట్టడానికి అంతకంటే మంచి దారి లేదు.”

గుమ్మంలో చప్పుడైంది. కృష్ణకుమారి చేతిలోని గరిటె కిందపడింది. “నేనేనా అమ్మా? నా చేత్తో నేనే పోశానా? వద్దు కుమారీ చాలు అనేవారు. బలమండీ తినండి అని ఇంకో చెంచా వేసేదాన్ని...” గోడకి చేరబడిపోయింది. పరిగెత్తుకొచ్చి పట్టుకున్నది స్పందనే. పొద్దున్నుంచీ అడిగితే తప్ప నోరు విప్పని పిల్ల, ఇప్పుడు పెద్దావిడని గుండెకి హత్తుకుని “మీరు ప్రేమతోనే ఏసిన్రు ఆంటీ. మీకు తెల్వది కదా. అంకుల్‌కి తగ్గుతది. ఇప్పుడు కారణం దొరికింది కదా, డాక్టర్లు చూసుకుంటరు” అని వీపు నిమురుతోంది. గిరిజ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎందరో నేరస్థుల్ని పట్టుకుంది, వాళ్లలో ఎవరినీ చూసి ఏడుపు రాలేదు.

అక్కణ్ణుంచే ఆసుపత్రికి ఫోన్ చేసి రోహన్‌కి చెప్పింది, డాక్టరుకి చెప్పమంది. తర్వాత సీసా మీది నంబరుకి. స్పీకర్ పెట్టింది.

“హాయ్, మానవ్ హియర్.”

“బాబూ, నీ నేతిలో డి ఎందుకు కలిపావు?”

“ఓ, మన వాళ్లకి అందరికీ డి లెవెల్ తక్కువ ఉంటుంది కదా ఆంటీ. సో ఐ థాట్, నెయ్యిలో పెడితే ఈజీ. వన్ టీస్పూన్. లేబుల్ మీద రాశాను. ఇట్స్ లైక్ ఎ సప్లిమెంట్.”

“మీ ఇంట్లో మీ అమ్మ నెయ్యి ఎలా వడ్డిస్తుంది?”

“మా మామ్ నెయ్యి వాడదు. కుకింగ్ స్ప్రే.”

గిరిజ కళ్లు మూసుకుంది. అబద్ధమాడలేదు, మోసం చెయ్యలేదు, లెక్క కూడా తప్పలేదు. తెలుగువాడి కంచం ఒక్కటే చూడలేదు. “ఒక మనిషి ఐసీయూలో ఉన్నాడు నాయనా. ఎంతమందికి అమ్మావు? అందరికీ ఇప్పుడే, ఈ నిమిషమే మెసేజ్ పెట్టు. ఆ నెయ్యి ఎవరూ ముట్టుకోకూడదు.”

అవతల గొంతు చిన్నబోయింది. “ఓ మై గాడ్. నైంటీ సిక్స్ హౌసెస్ ఆంటీ. లిస్ట్ ఉంది. పెడతాను. ఫస్ట్ హర్షవర్ధన్ అంకుల్‌కి పెడతా, ఆయన నా ఫస్ట్ కస్టమర్.”

గిరిజ మెల్లగా తల తిప్పింది.

హర్షవర్ధన్ చేతిలో గ్యాలన్ సీసా మళ్లీ సగమైంది. మూత తీసి ఉంది. తాగుతున్నవాడు తాగుతున్నట్టే ఆగిపోయాడు.

“ఇవాళ ఎన్ని సీసాలు?” అంది గిరిజ.

“ఇది... రెండోది. ఎండాకాలం కూడా ఇంత తాగను.” సీసాకి మూత పెట్టేశాడు. “నెలరోజులుగా చిరాగ్గా ఉంటోంది. పని ఎక్కువై అనుకున్నా. లేబుల్ నేను చూడలేదు ఆంటీ. మా ఆవిడ వర్ష కూడా అంతే, రాగానే గిన్నెలోకి వంపేస్తుంది.”

“నీ సంగతి తర్వాత. నువ్వు పెద్దవాడివి, ఇవాళే వెళ్లి రక్తపరీక్ష చేయించుకుంటావు.” ఆవిడ చూపు అతని ఎడమ భుజం మీద ఆగింది. లోపలికి వచ్చినప్పుడు చూసింది, తండ్రయ్యాడు కదా అనుకుని వదిలేసింది. ఎంత తప్పు చేసింది! “ఆ మరక ఎప్పటిది?”

“పాప. పొద్దున కక్కింది. వారం నుంచీ అంతే, పళ్లొస్తున్నాయని...”

“ఎన్నో నెల?”

“ఎనిమిది.” అతని ముఖంలో రక్తం దిగిపోతోంది. “డిసెంబర్‌లో అన్నప్రాసన చేశాం. అప్పట్నుంచి రోజూ రెండు పూటలా ముద్దపప్పు, నెయ్యి... మంచి నెయ్యి అని ప్రత్యేకంగా...”

ఫైలు జారి గరాజ్ నేల మీద పడింది. కాగితాలు చెల్లాచెదురయ్యాయి, వాటి మీద నుంచే తొక్కుకుంటూ అతను ఫోన్ తీశాడు. రెండుసార్లు తప్పు నొక్కాడు. గిరిజ ఫోన్ తీసుకుని నొక్కి, స్పీకర్ పెట్టింది.

“హలో? చెప్పండి” అంది అతని భార్య గొంతు. వెనకాల గిన్నె గరిటెల చప్పుడు.

“వర్షా, పాప ఏం చేస్తోంది?”

“పడుకుంది. పొద్దున్నుంచి డైపర్లు మారుస్తూనే ఉన్నా, పాలు మాత్రం తాగట్లేదు. రెండు గంటలైంది పడుకుని. ఇందాక లేపితే కళ్లు తెరవలేదు, అలిసిపోయిందేమో. లేవగానే పెడదామని పప్పన్నం కలుపుతున్నా. నీరసంగా ఉందని ఇవాళ నెయ్యి కాస్త ఎక్కువే వేశా.”

గిరిజ ముందుకు రాబోయింది. కానీ అప్పటికే స్పందన పెద్దావిడని కుర్చీలో కూర్చోబెట్టి, ఫోన్ దగ్గరికి వంగింది. ఆ పిల్ల గొంతులో వణుకు లేదు.

“అక్కా, నేను స్పందన. మీ ఆయన పక్కనే ఉన్న. ముందు ఆ గిన్నె కింద పెట్టెయ్యి. పాపకి ఏం పెట్టకు. ఇప్పుడే 911కి చేసి అంబులెన్స్ పిలువు. విటమిన్ డి ఎక్కువైంది, కాల్షియం చూడండి అని చెప్పు, ఈ రెండు మాటలే చెప్పు. నెయ్యి సీసా సంచిలో ఏసుకో, డాక్టర్లకి చూపియ్యాలె. ఊపిరి తీస్తున్నదా, చెయ్యి పెట్టి చూడు. నేను లైన్ల ఉంట, నువ్వు ఇంకో ఫోన్ నుంచి చెయ్యి.”

అవతల గరిటె కింద పడ్డ చప్పుడు, పరుగు. తర్వాత వర్ష గొంతు, ఏడుస్తూ: “తీస్తోంది. చాలా మెల్లగా తీస్తోంది.”

“పక్కకి తిప్పి పండబెట్టు. భయపడకు. లైన్ల ఉన్న.”

గిరిజ కారు తాళాలు తీసింది. గరాజ్ తలుపు మీట నొక్కితే చలిగాలి లోపలికి వచ్చి కాగితాలని కదిపింది. హర్షవర్ధన్ కదల్లేదు. గోడమీద గడియారం మూడు అవుతోంది. ఇంకో గంటలో తను పోలీసులకి అప్పగించాల్సిన పిల్ల, తన కూతురి ఊపిరి లెక్కపెడుతోంది. అతను ఆమెకేసి చూస్తూ అలాగే నిలబడిపోయాడు.